ఎనిమిది రూపాయలు

అమ్మా, చేంజ్ అంటే ఏంది?
తినుకుంటనే అడిగింది నిహారిక.
ఎనిమిదో తరగతి ఇంగ్లీషు నోటు,
అర్థం ఒకటి, సమానార్థాలు ఐదు,
సొంత వాక్యం ఒకటి.

చేంజ్ అంటే చిల్లర బిడ్డా, అన్న,
బ్యాగు గుమ్మరించి లెక్క చూసుకుంట.
పదమూడేండ్ల సంది దేవరకొండ డిపోల
నేను రోజూ అడుక్కునే మాట అదొక్కటే.
కోడి కూయకముందు ఫస్టు బస్సెక్కి
ఐదొందల నోటు తీస్తే
నేనేడికెల్లి తేవాలె?

బిడ్డ నవ్వింది.
చేంజ్ అంటే మార్పు అమ్మా,
సారు బోర్డు మీద రాసిండు.

మార్పు.
ఆ మాట నేను మైకులల్లనే విన్న,
ఎలక్షన్లప్పుడు, జీపు మీద.
మా బస్సుల ఎవ్వరూ
జర మార్పు ఇయ్యమ్మా అని అడగలే.

గైడు చూసి ఒక్కొక్కటి చదువుతుంటే
అన్నీ నేనెరిగిన మొఖాలే.
ఆల్టర్ మన టైలర్ బక్కయ్య కాడ ఉంటది,
నువ్వు పుట్టినంక నా ఖాకీ కోటు
రెండు దిక్కుల ఇడిసిండు,
కుట్టిప్పిన తాన ఇప్పటికీ కొత్త రంగే.
కన్వర్ట్ కావాల్నంటే మల్లేపల్లి రోడ్డు పొంటి చూడు,
బత్తాయి తోట నరికి తెల్లరాళ్లు నాటిన్రు,
రాయికో నంబరు.
ట్రాన్స్‌ఫర్ మీ నాయినను ఎత్తుకపోయి
అచ్చంపేట డిపోల పెట్టింది,
ఐతారం ఒక్కనాడు మనకిస్తది.
ఎక్స్‌చేంజ్ సైకిల్ మీద వస్తది,
పాత చీరెకు స్టీలు గంటె.
ఐదోది వేరీ అట. దాన్ని నేనెరుగ,
మా రూట్ల ఎక్కలే.

ఒక్క మాటకు ఇన్ని పేర్లా ఇంగ్లీషోనికి?
మనకు చిల్లర అంటే పైసలూ అదే,
బుద్ధీ అదే.

బ్యాగు లోపల చిన్న అర.
అండ్ల ఒక టికెట్ మడత,
ఐదు బిళ్ల, రెండు బిళ్ల, ఒకటి.

ఎర్రకుంట తండా స్టేజీల ఎక్కేటోడు
రూప్లా తాత, డిండి అంగడికి,
మేకపిల్లను సంకల పెట్టుకొని.
దానికి టికెట్ కొట్టకు బిడ్డా,
అది నా వొళ్లెనే కూసుంటది అని లొల్లి.
ఆనాడు మూడు పది నోట్లిచ్చిండు,
టికెట్ ఇరవై రెండు.
ఎనక ఎనిమిది అని రాసిన,
దిగేటప్పుడు తీస్కో తాతా అన్న.
దిగంగనే మేక ఉరికింది,
దాని ఎంబడి తాత ఉరికిండు.
టికెట్ సీటు కింద దొరికింది.

మీది వారం నాకు ఆఫ్.
ఆ మీది వారం స్టేజీ కాడ మనిషి లేడు.
రిజర్వాయర్ కట్టకు లారీలు మట్టి పోస్తున్నయి.
తండాను షిఫ్ట్ చేసిన్రు అన్నడు డ్రైవర్,
గేరు మార్చుకుంట.
ఏడికి?
ఏమో, తలో దిక్కు పోయిన్రట.

షిఫ్ట్. ఇది కూడ రాసుకో బిడ్డా,
వేరీ కొట్టేయ్.

టికెట్ మిషన్ల ఆ స్టేజీ ఇంక ఉన్నది.
నొక్కితే ఇరవై రెండు అని చూపిస్తది.

ఇప్పుడు ఆడోళ్లకు జీరో టికెట్,
చిల్లర లొల్లి సగం తగ్గింది.
బ్యాగు తేలికైంది, బుజం నొప్పి పోలే.
తండా ఆడోళ్లు ఎక్కినప్పుడల్లా అడుగుత,
రూప్లా తాత ఎరుకనా, మేకలాయన?
ఏ రూప్లా, అంటరు.
ప్రతి తండాల ఇద్దరన్న ఉంటరు.

డిపోల కట్టేస్తే అయిపోవు.
మిగులు అని రాసుకుంటరు. కట్టలే.
ఎండకు టికెట్ మీద అచ్చు ఎగిరిపోయింది,
ఎనక నా బాల్‌పెన్ను ఎనిమిదే మిగిలింది.

అమ్మా, వాక్యం చెప్పు, నిద్రొస్తున్నది.

రాయి: మా అమ్మ తాన
ఒకాయన చేంజ్ ఉన్నది.

అట్లెట్ల అయితదే, సారు అర్థం చెప్పమంటే?

కొట్టేసింది. వాతావరణం మీద ఏదో రాసి
నోటు మూసి
గోడ దిక్కు తిరిగి పండుకుంది.
నేను లైటార్పి
బిళ్లలు మళ్ల అరల ఏసిన,
ఐదు, రెండు, ఒకటి,
సప్పుడు కాకుంట.